పీఎస్ (ఫిజికల్ సైన్స్) పీరియడ్‌లో ముందు పిల్లల అంచనా, తర్వాతే సూత్రం

హైస్కూల్లో ఫిజిక్స్, కెమిస్ట్రీ చెప్పే మనందరికీ రోజూ ఒకటే టెన్షన్, సిలబస్ ఎప్పటికి పూర్తవుతుందా అని. ఆ తొందరలో బోర్డు మీద ముందు నిర్వచనం, తర్వాత సూత్రం, ఆపైన లెక్క రాసేస్తాం, పిల్లలు దించుకుంటారు. ఈ వరస తిప్పేయండి. ప్రయోగం చేసేముందే ఏం జరుగుతుందో పిల్లల చేత చెప్పించి, వాళ్ల అంచనాలు బోర్డు మీద రాసి, అప్పుడు చూపించండి.

విద్యుత్ పాఠమే తీసుకుందాం. హైదరాబాద్ కోఠిలో ఎలక్ట్రానిక్ సామాన్లు దొరికే గుజరాతీ గల్లీకి వెళ్లి ఒకే రకం టార్చి బల్బులు రెండు, హోల్డర్లు, సెల్ బాక్స్, వైర్లు తెచ్చుకోండి. బల్బుల్ని శ్రేణిలో, అంటే ఒకే దారిలో ఒకదాని తర్వాత ఒకటి కలిపి, స్విచ్ వేయకముందే "ఏది ఎక్కువ వెలుగుతుంది? సెల్ ప్లస్ వైపుదా, మైనస్ వైపుదా, రెండూ ఒకేలాగానా?" అని అడిగి చేతులెత్తించండి. ప్లస్ వైపుదానికే చాలా చేతులు లేస్తాయి, ఎందుకంటే మొదటి బల్బు కొంత కరెంటు వాడేసుకుంటే మిగిలిందే రెండోదానికి వెళ్తుందని వాళ్ల నమ్మకం. ఎవరు ఎటు అన్నారో లెక్క వేసి, అప్పుడు స్విచ్ వేయండి. రెండూ సమానంగా వెలుగుతాయి! అక్కడితో ఆపకండి. బల్బుల్ని అటూ ఇటూ మార్చి చూపించండి, కరెంటు కొలిచే అమ్మీటర్ ఉంటే బల్బులకు ముందు, మధ్యలో, తర్వాత పెట్టి రీడింగ్ పిల్లల చేతే చదివించండి. కరెంటు ఖర్చవదు, సెల్ ఇచ్చే శక్తి వెలుగుగా, వేడిగా మారుతుంది అన్న మాట అప్పుడు చెబితేనే నిలుస్తుంది. ఒకసారి నేను చూసుకోకుండా రెండు వేరే వేరే బల్బులు పట్టుకెళ్లాను, ఒకటి మసగ్గా వెలిగింది, పిల్లల తప్పు నమ్మకం ఇంకా గట్టిపడింది. దాన్ని సరిచేయడానికి రెండు పీరియడ్లు పట్టింది. అప్పటినుంచి ముందురోజు సాయంత్రమే అన్నీ కలిపి వెలిగించి చూసుకుంటున్నాను.

ఆమ్లాలు, క్షారాలకు దిష్టి నీళ్లు చాలు. పసుపు నీళ్లలో సున్నం కలిపితే ఎర్రబడటం ఇంట్లో చూసిందే కాబట్టి అది అడగకండి, అందులో నిమ్మరసం పిండితే ఏమవుతుందో అడగండి. చుక్క చుక్కగా పిండుతుంటే మళ్లీ పసుపు రంగు తిరిగొస్తుంది, తటస్థీకరణ (ఆమ్లం, క్షారం ఒకదాని గుణాన్ని ఒకటి పోగొట్టడం) అన్న పదం అప్పుడు రాయండి. దీనికి తడి సున్నమే వాడాలి. కాల్చిన సున్నం గడ్డ నీళ్లలో వేస్తే సలసలా కాగి కళ్లలోకి చిందుతుంది, అది పిల్లల చేతికి ఇవ్వొద్దు. ఆమ్లాన్ని పలచన చేసేటప్పుడు నీళ్లలోకే ఆమ్లం పోయాలి.

నీళ్లు మరిగించినప్పుడు థర్మామీటర్ 98 డిగ్రీల దగ్గరే ఆగితే "పాడైంది సార్" అంటారు. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉంది, గాలి ఒత్తిడి తక్కువ, అందుకే 100 కంటే ముందే మరుగుతాయి. పుస్తకంలో అంకె తప్పు కాదు, ఏ ఒత్తిడి దగ్గరో అడగాలని ఇక్కడే నేర్పొచ్చు.

బెల్లుకి ఐదు నిమిషాల ముందు చిట్టీలు ఇచ్చి ఒకే ప్రశ్న వేయండి: మూడో బల్బు కూడా శ్రేణిలో కలిపితే ఏమవుతుంది, ఎందుకు? మార్కులు వేయొద్దు, వేస్తే పక్కవాడిది చూసి రాస్తారు. సాయంత్రం వాటిని చదివితే ఎవరు ఎక్కడ ఆగారో తెలుస్తుంది, ఎక్కువమంది తప్పు రాసిన దానితోనే మర్నాడు పీరియడ్ మొదలుపెట్టండి.