కొత్త పంజరంలో బడ్జీలు నీరసపడితే: నా అనుభవం

విజయనగరం గంటస్తంభం దగ్గర అర అంగుళం కన్నున్న జీఐ మెష్ (జింకు పూత వేసిన ఇనుప వల) కొని, చవకలో పంజరం నేనే కట్టాను. వారం తిరగకుండానే బడ్జీలు (మనూళ్లో అందరూ లవ్‌బర్డ్స్ అంటారు) ఈకలు ఉబ్బించి కూర్చోవడం, ఆకుపచ్చగా నీళ్ల రెట్ట. గింజలు మార్చాను, మందు వేశాను, పంజరం చోటు మార్చాను, లాభం లేదు.

చివరికి అనుమానం మెష్ మీదకు పోయింది. బడ్జీలు ఊరికే ఉండవు కదా, తీగ కొరుకుతూనే ఉంటాయి. కొత్త మెష్ మీది జింకు పూత కడుపులోకి పోతే వాటికి విషమే.

ముందు పిట్టల్ని పాత పంజరంలోకి మార్చాను. తర్వాత తీగల మీద గడ్డకట్టిన జింకు పూసల్నీ, కోసిన మొనల్నీ ఆకురాయితో అరగదీశాను. వెనిగర్, నీళ్లు సమంగా కలిపి, గట్టి బ్రష్‌తో రెండు వైపులా, ముఖ్యంగా మూలల్లో తోమాను. తెల్లపొడి చాలా వచ్చింది. మంచినీళ్లతో కడిగి ఎండబెట్టి, మర్నాడు మళ్లీ అదే పని. చేతులు మండాయి, గ్లవ్స్ వేసుకోండి.

పది రోజుల్లో పిట్టలు తేరుకున్నాయి. పరీక్ష చేయించలేదు, కాబట్టి జింకే అని ఒట్టేయలేను. పూత పూర్తిగా పోదు కూడా. మీ పిట్ట మరీ నీరసంగా ఉంటే ముందు పశువుల డాక్టరుకు చూపించండి.