బాస్ ఓడట్లేదా? తప్పు మీ ఆరింటిలో ఎక్కడుందో ఇలా పట్టుకోండి

పోకెమాన్ గో ఆటలో రెయిడ్ అంటే కొందరు కలిసి ఒక పెద్ద పోకెమాన్‌ని, అంటే బాస్‌ని, ఓడించే పోరు. ఒక్కొక్కరు ఆరు పోకెమాన్‌ల జట్టుతో దిగుతారు. హైదరాబాద్‌లో రెయిడ్ మొదలైతే పదిహేను ఇరవై మంది పోగవుతారు. అందులో నలుగురి జట్లు దండగ్గా ఉన్నా బాస్ పడిపోతుంది, ఎవరూ పట్టించుకోరు. ఒడిశాలోని మన గజపతి, రాయగడ జిల్లాల్లో ఆ సుఖం లేదు. పర్లాకిమిడిలో సాయంత్రం పూట అయిదు నక్షత్రాల రెయిడ్‌కి (నక్షత్రాలు పెరిగేకొద్దీ బాస్ గట్టిది) ముగ్గురు దొరికితే అదృష్టం. గుణుపురంలో అయితే ఇద్దరితోనే కానివ్వాల్సి వస్తుంది. అందుకే ఇక్కడ ప్రతి ఒక్కరి జట్టూ లెక్కలోకి వస్తుంది.

పోకెమాన్ గో 2016 జులైలో వచ్చింది. అదే ఏడాది డిసెంబరులో మన దేశంలోకి అడుగుపెట్టింది. రెయిడ్లు 2017 జూన్‌లో మొదలయ్యాయి. ఇన్నేళ్లయినా మన దగ్గర వినిపించేది ఒకటే మాట: "జనం లేరన్నా, అందుకే పోతున్నాం." జనం తక్కువే, కాదనను. కానీ నేను చూసిన ఓటముల్లో చాలావాటికి కారణం జనం కాదు, జట్టులో ముందు వరసలో కూర్చున్న బ్లిస్సీ అనే గులాబీ రంగు పోకెమాన్.

ముందు ఒక చిన్న లెక్క చూసుకుందాం. అయిదు నక్షత్రాల బాస్‌కి ప్రాణం 15,000, మనకిచ్చే సమయం 300 సెకన్లు. అంటే అందరూ కలిసి సెకనుకి 50 చొప్పున తియ్యాలి. ముగ్గురుంటే తలా 17. మూడు నక్షత్రాల బాస్‌కి 3,600 ప్రాణం, 180 సెకన్లు, అంటే సెకనుకి 20. కాబట్టి మూడు నక్షత్రాల బాస్‌ని ఒంటరిగా పడగొట్టగలిగినవాళ్లు ముగ్గురు కలిస్తే అయిదు నక్షత్రాలది దాదాపు చేతికందినట్టే. పెద్ద బాస్ దెబ్బ గట్టిది, ఒళ్లూ గట్టిదే, అందుకే దాదాపు అంటున్నాను. మీ జట్టు సంగతి తెలుసుకోవాలంటే ముందు మూడు నక్షత్రాల రెయిడ్‌కి ఒక్కరే వెళ్లి చూడండి.

సీపీ అంకెలు అదిరిపోతున్నాయి, టైము మాత్రం అయిపోతోంది

బాస్ చావదు, మనవీ చావవు, గడియారం మాత్రం సున్నాకి వచ్చేస్తుంది. దీనికి కారణం ఎప్పుడూ ఒక్కటే, దాడి తక్కువ, ఓర్పు ఎక్కువ.

సీపీ అంటే దాడి, రక్షణ, ప్రాణం మూడూ కలిపి వండిన అంకె. అందులో దాడి వాటా ఎంతో పైకి కనపడదు. బ్లిస్సీ ప్రాణం కొండంత, దాడి అంతంత మాత్రం. జిమ్‌లో (ఆటలో మన పోకెమాన్‌ని కాపలా ఉంచే చోటు) కాపలాకి దానంత మంచిది లేదు, రెయిడ్‌లో మాత్రం కాలక్షేపం. స్లేకింగ్ ఇంకా మోసం. సీపీ 4,000 దాటుతుంది, పిల్లలు గర్వంగా ముందు పెడతారు. దాని ఫాస్ట్ దెబ్బ (వేలితో కొట్టినప్పుడల్లా పడేది) పేరు యాన్, అంటే ఆవులింత. ఆ దెబ్బ బలం సున్నా. తమాషాకి అనట్లేదు, నిజంగానే సున్నా. మీరు తెర మీద వేలు అరిగేలా కొడుతుంటే అది ఆవులిస్తూ కూర్చుంటుంది.

ఏం చెయ్యాలి? సీపీ వరసలో జట్టు ఎంచుకోవడం మానెయ్యండి. ఆ బాస్ రకానికి ఏ రకం దెబ్బ తగులుతుందో చూసి, ఆ రకం దెబ్బలున్న వాటిలో దాడి ఎక్కువున్నది తియ్యండి. టైరానిటార్ లాంటి రాయి-చీకటి బాస్ వచ్చిందనుకోండి. ఫైటింగ్ దెబ్బ దానికి రెండున్నర రెట్లు ఎక్కుతుంది. అప్పుడు 2,500 సీపీ మచాంప్ మీ 4,000 స్లేకింగ్‌ని తలదన్నేస్తుంది.

ఆటే ఎంచిన జట్టుతో దిగి ఓడిపోతున్నారు

లాబీలోకి (రెయిడ్ మొదలయ్యే ముందు ఎదురుచూసే తెర) వెళ్లగానే ఆట తనంతట తానే ఆరింటిని పేర్చి చూపిస్తుంది. తొందరలో చాలామంది దాన్నే ఖాయం చేసేస్తారు. మొన్న శ్రావణం వానలో టీకొట్టు రేకు కింద ముగ్గురం నిలబడ్డాం. లాబీలో రెండు నిమిషాలు తిరుగుతున్నాయి. బాస్ కయోగర్, అచ్చమైన నీటి రకం. పక్కన ఒడియా కుర్రాడి ఫోన్‌లో ఆట పేర్చిన జట్టు చూస్తే మొదట అగ్రాన్, తర్వాత లూగియా. "భాయ్, అవి తీసెయ్, కరెంటువి పెట్టు" అని మా తమ్ముడు ఒడియాలో, నేను తెలుగులో ఒకేసారి అరిచాం. అగ్రాన్ ఉక్కు-రాయి. నీటి దెబ్బ దానికి గట్టిగానే తగులుతుంది, దాని దెబ్బలకేమో కయోగర్ కదలదు. ఆ సిఫార్సు చాలాసార్లు బాగా నిలబడేవాటి వైపే మొగ్గుతుంది, బాగా కొట్టేవాటి వైపు కాదు.

దీనికి మందు ఇంట్లోనే వేసుకోవాలి, లాబీలో కాదు. పోరాట జట్లు ముందే కట్టి పేర్లు పెట్టి దాచుకునే వీలు ఆటలో ఉంది. "కరెంటు", "మంచు", "రాయి", "ఫైటింగ్" అని నాలుగు కట్టుకోండి, ముప్పాతిక రెయిడ్లకు అవే సరిపోతాయి. వాన చినుకుల్లో తడి వేళ్లతో వెతుక్కునే బాధ తప్పుతుంది.

రకం సరిగ్గానే పెట్టాను, అయినా దెబ్బ తగలట్లేదు

ఎక్కువమంది ఇక్కడే పట్టు తప్పుతారు. పోకెమాన్ రకం వేరు, దాని దెబ్బ రకం వేరు. బాస్‌కి తగిలేది దెబ్బే.

రేక్వేజాని తీసుకోండి. డ్రాగన్-ఫ్లయింగ్. మంచు దెబ్బకి అది రెండు రకాల వల్లా బలహీనమే, ఒక్కో బలహీనతకి దెబ్బ 1.6 రెట్లు, అంటే 1.6 ని 1.6 తో గుణిస్తే 2.56 రెట్లు. అందుకని అందరూ మంచు-నేల రకం మామోస్వైన్ పెడతారు, మంచిదే. మామోస్వైన్‌కి రెండు ఫాస్ట్ దెబ్బలు రావొచ్చు. ఒకటి పౌడర్ స్నో, మంచు రకం. రెండోది మడ్ స్లాప్, నేల రకం. ఎగిరే రేక్వేజాకి నేల దెబ్బ సరిగా తగలదు, 0.39 రెట్లకి పడిపోతుంది. ఒకే మామోస్వైన్, ఒకే సీపీ, అయినా రకం వల్లే ఆరు రెట్లకు పైగా తేడా. సగం మంది దీన్ని చూసుకోరు, "మామోస్వైన్ ఉంది కదా" అనుకుని దిగిపోతారు.

దీనికి ఒక్క ఫాస్ట్ టీఎమ్ (ఫాస్ట్ దెబ్బని మార్చే వస్తువు) చాలు. టీఎమ్ వాడితే పాత దెబ్బే మళ్లీ రాదు, మామోస్వైన్‌కి ఉన్నవి రెండే కాబట్టి మడ్ స్లాప్ పోయి పౌడర్ స్నో రావాల్సిందే. తర్వాత చార్జ్ దెబ్బగా (ఫాస్ట్ దెబ్బలతో శక్తి నిండాక పడే పెద్ద దెబ్బ) అవలాంచ్ ఉందో లేదో చూడండి. మచాంప్ సంగతి కూడా ఇంతే, బుల్లెట్ పంచ్ ఉంటే కౌంటర్ చేసుకోండి, చార్జ్‌కి డైనమిక్ పంచ్. ఎలీట్ టీఎమ్‌లు (కోరుకున్న దెబ్బని ఇచ్చేవి) ఇలాంటి వాటి మీద తగలెయ్యకండి. అవి ఈవెంట్లలో మాత్రమే దొరికే దెబ్బల కోసం దాచుకోవాలి.

పోకెమాన్‌కి తన రకం దెబ్బే ఉంటే ఇంకో 20 శాతం అదనం. కాబట్టి ఫాస్ట్, చార్జ్ రెండూ ఒకే రకం, పోకెమాన్‌దీ అదే రకం, బాస్‌కి అదే బలహీనత: ఈ నాలుగూ కలిసినదే అసలైన ఆయుధం. వీటిని పెట్టెలో వెతకడం తేలిక. వెతికే గడిలో @ గుర్తు కొట్టి రకం పేరు ఇంగ్లీషులో రాయండి. ఆ రకం దెబ్బలున్నవన్నీ ముందుకొస్తాయి.

ఇంకో చిక్కు జంట రకాలది. డయాల్గా వచ్చిందంటే మనవాళ్లు డ్రాగన్‌కి డ్రాగనే మందు అని రేక్వేజాని తోసేస్తారు. డయాల్గా ఉక్కు-డ్రాగన్. డ్రాగన్ వైపు పెరిగిన దెబ్బని ఉక్కు వైపు కోసేస్తుంది, చివరికి మామూలు దెబ్బే. దానికి పనిచేసేవి ఫైటింగ్, నేల మాత్రమే. ఎక్స్‌కాడ్రిల్, గార్‌చాంప్, గ్రౌడాన్, ఏవీ లేకపోతే మచాంప్.

మనవి టపటపా పడిపోతున్నాయి

ఆరూ పడిపోయి లాబీకి వచ్చి మళ్లీ దిగేలోపు బోలెడు సెకన్లు గాలికి పోతాయి. దీనికి రెండు కారణాలుంటాయి.

ఒకటి బాస్ చార్జ్ దెబ్బ. మ్యూటూ మీదకి టైరానిటార్ సరైనదే, కానీ ఆ రోజు మ్యూటూ దగ్గర ఫోకస్ బ్లాస్ట్ ఉంటే అది ఫైటింగ్ దెబ్బ, టైరానిటార్ ఒక్క దెబ్బకే గల్లంతు. అప్పుడు దెయ్యం రకం గెంగార్, చాండెల్యూర్ తియ్యాలి. కయోగర్ దగ్గర బ్లిజార్డ్ ఉంటే గడ్డి జట్టు నిలవదు, కరెంటు జట్టు నిలుస్తుంది. గ్రౌడాన్ దగ్గర సోలార్ బీమ్ ఉంటే నీటి జట్టుకి ఇబ్బంది. మొదటి ముప్పై సెకన్లలో బాస్ ఏం కొట్టిందో పేరు చూసుకుంటే రెండోసారి దిగేటప్పుడు జట్టు మార్చుకోవచ్చు.

రెండోది వాతావరణం. ఇది మన ప్రాంతంలో ప్రత్యేకంగా చూసుకోవాలి, ఎందుకంటే జూన్ నుంచి అక్టోబరు దాకా ఆటలో వాన గుర్తు తరచూ ఉంటుంది. వానలో నీరు, కరెంటు, పురుగు రకాల దెబ్బలకు 20 శాతం అదనం. అది బాస్‌కీ వర్తిస్తుంది. వానలో కయోగర్ నీటి దెబ్బ పెరుగుతుంది, మీ కరెంటు దెబ్బా పెరుగుతుంది. కాబట్టి వానరోజు కయోగర్‌కి కరెంటు జట్టే, గడ్డి వద్దు. అదే వాన నేల రకం గ్రౌడాన్ మీద మీ నీటి జట్టుకి కలిసొస్తుంది. వైశాఖం ఎండల్లో మాత్రం లెక్క తిరగబడుతుంది, ఎండ గుర్తు ఉంటే నేల, నిప్పు, గడ్డి రకాలకు బలం. ఒక్క జాగ్రత్త: తల మీద వాన పడుతున్నా ఆటలో మబ్బు గుర్తే ఉండొచ్చు. రాయగడ కొండల వైపు ఇది తరచూ జరుగుతుంది. ఆకాశం కాదు, తెర చూడండి.

డస్ట్ అంతా ఖర్చయింది, జట్టు మాత్రం పెరగలేదు

రెయిడ్‌లో పట్టినది 20వ లెవెల్లో వస్తుంది, వాతావరణం కలిసొస్తే 25లో. 20 నుంచి 30కి తీసుకెళ్లడానికి 75,000 స్టార్‌డస్ట్ (పోకెమాన్‌ని పెంచడానికి ఖర్చయ్యేది, పొట్టిగా డస్ట్) పడుతుంది, దానికి దాడి సుమారు 22 శాతం పెరుగుతుంది. 30 నుంచి 40కి 1,50,000. పెరిగేది 8 శాతమే. ఒకదాన్ని 40కి తోసే డస్ట్‌తో ఇంకో రెండింటిని 30కి తేవచ్చు. చిన్న ఊళ్లలో పోకెస్టాపులు (ఆటలో సామాన్లు దొరికే చోట్లు) తక్కువ, డస్ట్ నెమ్మదిగా వస్తుంది, కాబట్టి ఆరూ 30కి వచ్చేదాకా ఏదీ అంతకు మించి పెంచకండి.

నూటికి నూరు ఐవీ (ఒక్కో పోకెమాన్‌కి దొరికినప్పుడే ఉండే బలం అంకె) కోసం ఎదురుచూడటం కూడా ఇలాంటిదే. ఐవీ తేడా కొద్ది శాతమే, రకం తేడా రెట్లలో ఉంటుంది. లక్స్‌రే, మచాంప్, కింగ్లర్ లాంటివి ఊళ్లో దొరికేవే. లెజెండరీ (అరుదైన పెద్ద పోకెమాన్) లేదని కూర్చోకుండా వాటిని పెంచండి.

ఇంకొక్క పిసరు మిగిలిపోతోంది

బాస్ గీత ఎర్రగా సన్నగా మిగిలి టైము అయిపోతుంటే జట్టు బాగానే ఉన్నట్టు. ఇప్పుడు పై మెరుగులు చూసుకోవాలి.

మొదటిది మెగా, అంటే ఎనర్జీ ఖర్చుపెట్టి కాసేపు మరింత బలమైన రూపంలోకి మార్చిన పోకెమాన్. ముగ్గురిలో ఒకరు బాస్ బలహీనతకి సరిపడే మెగాని దింపితే, అది మైదానంలో ఉన్నంతసేపు మిగతావాళ్ల ఆ రకం దెబ్బలు 30 శాతం పెరుగుతాయి, మిగతా రకాలు 10. ముగ్గురూ మూడు మెగాలు తేవక్కర్లేదు, ఎవరు తెస్తారో ముందే మాట్లాడుకుంటే వంతులవారీగా ఎనర్జీ మిగులుతుంది.

రెండోది షాడో, అంటే ఆటలోని విలన్లైన రాకెట్ ముఠాని ఓడిస్తే దొరికే పోకెమాన్. షాడో పోకెమాన్ దాడి 20 శాతం ఎక్కువ, రక్షణ తక్కువ. రెయిడ్‌కి అది లాభమే. రాకెట్ ముఠా దగ్గర దొరికిన షాడో మాచాప్‌ని ముద్దుగా ఉందని శుద్ధి చెయ్యకండి, చేస్తే ఆ 20 శాతం పోతుంది. దానికి అంటుకునే ఫ్రస్ట్రేషన్ అనే దెబ్బ మాత్రం ప్రత్యేక ఈవెంట్లలోనే వదులుతుంది, ఆ రోజుకి చార్జ్ టీఎమ్‌లు దాచుకోండి.

స్నేహితులతో కలిసి కొడితే కూడా కొంత బోనస్ ఉంది, కాబట్టి రోజూ బహుమతులు పంపుకోవడం సోది పని కాదు.

ఫోన్ బిగుసుకుపోయింది, చార్జ్ బటన్ పనిచెయ్యలేదు

ఇది జట్టు తప్పు కాదు. నెట్‌వర్క్ ఊగిసలాడుతుంటే వైఫై కట్టేసి డేటా మీదే ఉండండి, ఆట మూసి తెరిచి అదే రెయిడ్‌లోకి తిరిగి రండి. టైము నడుస్తూనే ఉంటుంది, అయినా రానివ్వకపోవడం ఉండదు.

అన్నీ సరిచూశాం, ఇద్దరమే ఉన్నాం

అప్పుడు మాత్రం నిజంగా జనం కావాలి. రిమోట్ పాస్‌తో దూరంవాళ్లని పిలవొచ్చు, కానీ వాటికి నాణేలు ఖర్చు, రోజుకి పరిమితీ ఉంది. దానికంటే జిమ్ మీద రెయిడ్ గుడ్డు (బాస్ వచ్చేముందు కనపడేది) కనపడగానే గ్రూపులో ఫొటో పెట్టడం మేలు. గుడ్డు పగలడానికి గంట ఉంటుంది, పగిలాక బాస్ 45 నిమిషాలు ఉంటుంది. ఆ గంటలో పాతపట్నం వైపు కుర్రాళ్లు బండి మీద తీరిగ్గా వచ్చెయ్యగలరు. గుడ్డు టైముతో పాటు బాస్ పేరు, ఆటలో వాతావరణం గుర్తు, మెగా ఎవరిదో కూడా అదే మెసేజ్‌లో రాసి పంపండి, వచ్చేవాళ్లు సరైన జట్టుతోనే వస్తారు.