హెలికోబ్యాక్టర్ జన్యు ఫలితాలు చదవడం – 4వ పాఠం: ‘వాక్‌ఏ పాజిటివ్’ అంటే ఏమీ చెప్పనట్టే

పోయిన పాఠంలో ఇచ్చిన జెల్ ఫొటోకి (డీఎన్ఏ ముక్కలు పొడవుని బట్టి విడిపోయి గీతలుగా, అంటే బ్యాండ్లుగా, కనిపించే ఫొటో) వచ్చిన జవాబుల్లో ఎక్కువమంది ఒకే మాట రాశారు: ‘వాక్‌ఏ పాజిటివ్, కాబట్టి ప్రమాదకరమైన రకం.’ ఈసారి మొదలుపెట్టాల్సిన బాబ్‌ఏ, డూప్‌ఏ జన్యువులు ఆగుతాయి. ముందు ఇది సరిచేసుకుందాం.

వాక్‌ఏ అంటే మన కణాల్లో బుడగలు పుట్టించే విషాన్ని తయారుచేసే జన్యువు. కడుపులో ఉండే బాక్టీరియా హెలికోబ్యాక్టర్ పైలోరీలో దాదాపు ప్రతి రకంలోనూ అది ఉంటుంది. ఉందా లేదా అని కాదు, ఏ రూపంలో ఉందని అడగాలి. మొదటి భాగం ఎస్1 లేదా ఎస్2, మధ్య భాగం ఎం1 లేదా ఎం2. ఎస్1ఎం1 విషం కణాల్లో బుడగలు బాగా పుట్టిస్తుంది. ఎస్1ఎం2 కొన్ని రకాల కణాల మీదే పనిచేస్తుంది. ఎస్2 రూపంలో విషం మొదట్లో అదనంగా ఒక చిన్న తోక ఉండి దాని పనికి అడ్డుపడుతుంది, అందుకే ఎస్2ఎం2 విషం బుడగలు దాదాపు పుట్టించదు. మామూలుగా వాడే ప్రైమర్లతో (కావలసిన జన్యు ముక్కని పట్టి పెంచే చిన్న డీఎన్ఏ తునకలు) ఎస్1 బ్యాండ్ 259, ఎస్2 బ్యాండ్ 286 బేస్ జతల (డీఎన్ఏ పొడవుకి కొలత) దగ్గర వస్తుంది. తేడా 27 మాత్రమే, జెల్‌ని తొందరగా ఆపేస్తే కనిపించదు. నేనైతే తెలిసిన ఎస్1, ఎస్2 నమూనాలను పక్కనే నడపకుండా ఏ బ్యాండ్‌కీ పేరు పెట్టను. రెండు బ్యాండ్లూ వస్తే ఒకే కడుపులో రెండు రకాలు ఉన్నాయేమో అని చూడండి.

కాగ్‌ఏ అనే మరో జన్యువు సంగతి వేరు. అక్కడ ఉందా లేదా అన్నదే ముఖ్యం. కాగ్ దీవి అనే సుమారు 40 వేల బేస్ జతల ముక్కలో ఈ జన్యువు ఉంటుంది. అదే దీవిలోని ఇతర జన్యువులు కట్టే సూదిలాంటి యంత్రం కాగ్‌ఏ ప్రొటీన్‌ని కడుపు గోడ కణంలోకి ఎక్కిస్తుంది. బ్యాండ్ రాకపోతే మాత్రం వెంటనే ‘నెగటివ్’ అనకండి. బయాప్సీలో, అంటే కడుపు నుంచి తీసిన చిన్న ముక్కలో, మనిషి డీఎన్ఏనే ఎక్కువ. గ్లమ్ఎం లాంటి కంట్రోల్ జన్యువు (ఈ బాక్టీరియా డీఎన్ఏ నమూనాలో దొరికిందో లేదో చెప్పేది) కూడా రాకపోతే ఆ నమూనా లెక్కలోకే రాదు.

ఇక నాకు చిరాకు తెప్పించే పొరపాటు. ‘అల్సర్ ఉన్న 100 మందిలో 90 మందికి కాగ్‌ఏ ఉంది’ అన్న వాక్యాన్ని ‘కాగ్‌ఏ ఉంటే 90 శాతం అల్సర్ వస్తుంది’ అని తిప్పి చదవడం. మొదటిది రోగుల గురించి, రెండోది బాక్టీరియా మోసేవాళ్ళ గురించి. ఉదాహరణకి, అల్సర్ లేకుండా గ్యాస్ట్రైటిస్ (కడుపు లోపలి పొర వాపు) మాత్రమే ఉన్న 100 మందిలోనూ 90 మందికి కాగ్‌ఏ ఉందనుకోండి. అప్పుడు సంబంధం సున్నా. 60 మందికే ఉంటే రెండు గుంపుల ఆడ్స్ (జన్యువు ఉన్నవారి సంఖ్య ÷ లేనివారి సంఖ్య) నిష్పత్తి (90×40)÷(10×60), అంటే 6. ఆ 6 కూడా ‘ఆరు రెట్ల రిస్క్’ కాదు, ఆడ్స్‌లో తేడా మాత్రమే. తూర్పు ఆసియాలో దాదాపు అన్ని రకాలూ కాగ్‌ఏ పాజిటివే. అక్కడ ఈ జన్యువు ఉండటం అల్సర్ ఉన్నవారిని లేనివారి నుంచి వేరు చేయదు.

కాగ్‌ఏ లేదని ధీమాగా ఉండటమూ తప్పే. 1994లో ఐఏఆర్‌సీ (అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ) మొదటి గ్రూపు క్యాన్సర్ కారకాల్లో, అంటే మనుషుల్లో క్యాన్సర్ తెస్తాయని తేలినవాటిలో, చేర్చింది ఈ బాక్టీరియా ఇన్‌ఫెక్షన్‌నే, కాగ్‌ఏ ఉన్న రకాలను మాత్రమే కాదు. చికిత్స ఇవ్వాలా వద్దా అన్నది ఈ జన్యువుని చూసి తేల్చరు.

అభ్యాసం: అల్సర్ ఉన్నవారు 120 మంది, వారిలో ఎస్1ఎం1 72. గ్యాస్ట్రైటిస్ మాత్రమే ఉన్నవారు 80 మంది, వారిలో ఎస్1ఎం1 48. ఆడ్స్ నిష్పత్తి కట్టండి. తర్వాత, అల్సర్ గుంపులో ఎస్1ఎం1 కాదని రాసిన 48 నమూనాల్లో 24కి గ్లమ్ఎం బ్యాండే రాలేదని తెలిసింది. మళ్ళీ కట్టి, జవాబు ఎందుకు మారిందో రెండు వాక్యాల్లో రాయండి.