బీటా-లాక్టమేజ్ వెసికిల్‌లో ఉందా, బయట తేలుతోందా? తేల్చుకునే పద్ధతి

ఈ.కోలై లాంటి గ్రామ్-నెగెటివ్ బ్యాక్టీరియా బయటి పొర అక్కడక్కడా ఉబ్బి, సుమారు 20–250 నానోమీటర్ల తిత్తులుగా తెగి పడుతుంది. ఇవే వెసికిల్స్. తెగేటప్పుడు పెరిప్లాజంలోని (బయటి, లోపలి పొరల మధ్య జాగా) బీటా-లాక్టమేజ్ ఎంజైమ్ కూడా కొంత లోపల చిక్కుకుంటుంది. అది ఆంపిసిలిన్‌ను విరగ్గొడితే, పక్కనున్న నిరోధకత లేని బ్యాక్టీరియా కూడా బతికిపోతుంది. మొరాక్సెల్లా కెటరాలిస్ అనే బ్యాక్టీరియా వెసికిల్స్ మరో బ్యాక్టీరియా న్యుమోకాకస్‌ను అమోక్సిసిలిన్ నుంచి కాపాడేది ఇలాగే. ల్యాబ్‌లో ఈ రక్షణను చూపడం తేలికే. ఆ పని చేసింది తిత్తిలోని ఎంజైమే, మీడియంలో తేలేది కాదు అని చూపడమే కష్టం.

ఆంపిసిలిన్ నిరోధక ప్లాస్మిడ్ (బీటా-లాక్టమేజ్ జన్యువున్న చిన్న డీఎన్‌ఏ వలయం) ఉన్న కే-12 అనే ల్యాబ్ ఈ.కోలై స్ట్రెయిన్ చాలు, రోగకారకాల జోలికి పోనక్కర్లేదు. 5 మి.లీ. ఓవర్‌నైట్ కల్చర్‌లో మాత్రమే 100 మైక్రోగ్రాములు/మి.లీ. ఆంపిసిలిన్ వేయండి. కణాలను రెండుసార్లు కడిగి, మందు లేని 500 మి.లీ. ఎల్‌బీ (బ్యాక్టీరియాను పెంచే మీడియం)లోకి మార్చండి. పెద్ద ఫ్లాస్క్‌లోనూ మందు వేస్తే కణాలు పగలొచ్చు, మిగిలిన మందు తర్వాతి పరీక్షనూ పాడుచేస్తుంది. 37° సెల్సియస్, 180 ఆర్‌పీఎం. 600 నానోమీటర్ల ఓడీ (కల్చర్ చిక్కదనం కొలత) 1.0 దగ్గర ఆపండి. రాత్రంతా వదిలేస్తే చచ్చిన కణాల ముక్కలు, డీఎన్‌ఏ పెల్లెట్‌లో (తిప్పాక అడుగున చేరే ముద్ద) జిగురుగా దిగుతాయి.

4° వద్ద 10,000 జి (గురుత్వ బలానికి 10,000 రెట్లు)తో 15 నిమిషాలు సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పైద్రవాన్ని ముందు 0.45, తర్వాత 0.22 మైక్రాన్ల ఫిల్టర్లలో వడకట్టండి. నేరుగా 0.22కి వెళ్తే ఫిల్టర్ మూసుకుపోతుంది. 150,000 జితో 3 గంటల అల్ట్రాసెంట్రిఫ్యూజ్ తర్వాత పెల్లెట్ కంటికి కనబడకపోవచ్చు, కాబట్టి అది దిగే వైపు ట్యూబ్‌పై ముందే గుర్తు పెట్టుకోండి. పీబీఎస్ అనే ఉప్పు బఫర్‌తో కడిగి మళ్లీ తిప్పి, 300 మైక్రోలీటర్ల పీబీఎస్‌లో కలపండి. ఈ కడిగిన నీళ్లను పారబోయొద్దు. వెసికిల్స్‌లో 50 మైక్రోలీటర్లు ఎల్‌బీ ప్లేట్‌పై పూయండి. మర్నాటికి ఒక్క కాలనీ వచ్చినా ఆ బ్యాచ్ పనికిరాదు.

ఇప్పుడు నైట్రోసెఫిన్ (బీటా-లాక్టమేజ్ విరిస్తే రంగు మారే పదార్థం) కలపండి, చివరి గాఢత 100 మైక్రోమోలార్. పసుపు ఎరుపైతే ఎంజైమ్ ఉన్నట్టే. 486 నానోమీటర్ల దగ్గర వేగం కొలవండి. కడిగిన నీళ్లూ ఎర్రబడితే ఇంకోసారి కడగాలి. తర్వాత వెసికిల్స్‌ను మూడు భాగాలు చేయండి: ఒకటి ఉన్నదున్నట్టు, ఒకటి ప్రొటీన్లను తెంచే ప్రొటీనేజ్-కెతో, ఒకటి ట్రైటన్ ఎక్స్-100 డిటర్జెంట్‌తో పొర విప్పాక ప్రొటీనేజ్-కెతో. కొలిచే ముందు పీఎంఎస్‌ఎఫ్ అనే నిరోధకంతో ప్రొటీనేజ్‌ను ఆపండి. రెండో భాగంలో ఎంజైమ్ చర్య మిగిలి, మూడోదానిలో పోతేనే ఎంజైమ్ లోపల ఉందనాలి. విడి బీటా-లాక్టమేజ్‌ను కూడా ఇలాగే ప్రొటీనేజ్‌కు గురిచేయండి. అది చెక్కుచెదరకపోతే ఈ పరీక్షకు అర్థమే లేదు.

రక్షణ పరీక్షకు మందుకు లొంగే ప్రామాణిక ఈ.కోలై స్ట్రెయిన్ ఏటీసీసీ 25922 వాడండి, దాని ఆంపిసిలిన్ ఎంఐసీ (పెరుగుదలను ఆపే కనీస గాఢత) 2–8 మైక్రోగ్రాములు/మి.లీ. అని ముందే తెలుసు. ముల్లర్-హింటన్ బ్రాత్‌లో మి.లీ.కి 5 లక్షల కణాలు, 10 మైక్రోగ్రాముల వెసికిల్ ప్రొటీన్; 35° వద్ద 16–20 గంటలు. ప్లాస్మిడ్ లేని స్ట్రెయిన్ వెసికిల్స్‌నూ, క్లావులనేట్ (బీటా-లాక్టమేజ్‌ను అడ్డుకునే మందు) కలిపిన వెసికిల్స్‌నూ పక్కనే కంట్రోల్‌గా పెట్టాలి. ఎంఐసీ ఒక్క వెల్ (మందు గాఢత రెట్టింపు చొప్పున పెరిగే ప్లేట్ గుంతల్లో ఒకటి) జరిగితే అది కొలతలో మామూలు తేడాయే. రెండు వెల్స్ దాటితే నమ్మొచ్చు. బతికిన కణాలను వెసికిల్స్ లేని ఆంపిసిలిన్ ప్లేట్‌పై గీయండి. అక్కడా పెరిగితే కలుషితమైనా అయి ఉండాలి, జన్యువైనా చేరి ఉండాలి. ఎంజైమ్ రక్షణ అని మాత్రం రాయకూడదు.

ఆంపిసిలిన్‌కు బదులు కోలిస్టిన్ అనే మరో యాంటీబయాటిక్‌తో చేస్తే లెక్క వేరు. అక్కడ మందును విరగ్గొట్టేది ఏదీ లేదు, వెసికిల్ పొరలోని ఎల్‌పీఎస్సే (కొవ్వు, చక్కెరలు కలిసిన అణువు) దాన్ని పట్టి ఉంచుతుంది. ఎల్‌పీఎస్ వేడికి చెడదు గనుక మరిగించిన వెసికిల్స్‌ను కంట్రోల్‌గా పెట్టి లాభం లేదు. పైగా కోలిస్టిన్ ప్లాస్టిక్‌కూ అంటుకుంటుంది. అన్ని వెల్స్‌కూ ఒకే రకం ప్లేట్ వాడకపోతే వచ్చిన తేడా వెసికిల్స్‌దో ప్లేట్‌దో తెలియదు.