ప్రోటీన్ స్కిమ్మర్ వాల్వు తిప్పే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

ఇంట్లో ఉప్పునీటి అక్వేరియం నడిపేవారు, నీటిలోని వ్యర్థాన్ని నురగగా బయటికి తీసే స్కిమ్మర్ సర్దుబాటును పెద్ద ప్రమాదమున్న పనిగా లెక్కించరు. ఒక వాల్వును కాస్త అటూ ఇటూ తిప్పడమే కదా అనిపిస్తుంది. అయితే ఆ వాల్వును తప్పు స్థితిలో ఉంచి రాత్రికి వదిలేస్తే నురగకు బదులు నీరే, వ్యర్థం చేరేందుకు స్కిమ్మర్ పైన ఉండే కప్పులోకి ఎక్కి నేల మీదికి పొర్లవచ్చు. పోయిన ఉప్పునీటి స్థానాన్ని ఆటో టాప్-ఆఫ్ (మట్టం తగ్గగానే తనంతట తానే నీరు నింపే పరికరం) మంచినీటితో నింపుకుంటూ పోవచ్చు. తెల్లవారేసరికి తొట్టెలో లవణీయత పగడాలు తట్టుకోలేనంతగా పడిపోయి ఉండవచ్చు. స్కిమ్మర్ పొంగినా, నురగ పడిపోయినా చెయ్యి ముందుగా వాల్వు మీదికే పోతుంది. నిజానికి చాలా సందర్భాలలో వాల్వు నిన్న ఎక్కడ ఉందో ఈరోజూ అక్కడే ఉంటుంది, మారినది దాని చుట్టూ ఉన్న పరిస్థితి. ఆ మారినదేమిటో తెలుసుకోకుండా వాల్వును ముట్టుకోకపోవడమే అన్నిటికన్నా పెద్ద జాగ్రత్త.

స్కిమ్మర్ పనిచేసే తీరు క్లుప్తంగా గుర్తుచేసుకుందాం. పంపు గాలిని పీల్చి సన్నని బుడగలుగా చేసి నీటిలో కలుపుతుంది. చేపల వ్యర్థాల నుంచి, మిగిలిపోయిన మేత నుంచి వచ్చే సేంద్రియ పదార్థాలలో అనేకం ఒక కొసన నీటిని ఇష్టపడి, మరో కొసన నీటికి దూరంగా ఉండాలని చూసే అణువులు. అవి బుడగల ఉపరితలానికి అంటుకుని వాటితోపాటు పైకి వస్తాయి. స్కిమ్మర్ మెడలో బుడగలు ఒకదాన్నొకటి తోసుకుంటూ ఎక్కుతుండగా మధ్యలోని నీరు కిందికి జారిపోతుంది, వ్యర్థంతో చిక్కబడిన నురగ కప్పులోకి పొర్లుతుంది. మెడలోకి తేరిపార చూస్తే, కింద పాలలా తెల్లగా సుడులు తిరిగే నీరు ఒకచోట ఆగి, ఆపైన కదలిక నెమ్మదించి విడివిడి బుడగల నురగగా మారే గీత కనిపిస్తుంది. వాల్వుతో మనం నిజంగా మార్చేది ఆ గీత ఎత్తునే. స్కిమ్మర్ నుంచి నీరు బయటికి పోయే దారిని మూస్తే గీత పైకి లేస్తుంది, తెరిస్తే కిందికి దిగుతుంది. ఏ వైపు తిప్పితే మూసుకుంటుందో పంపు ఆపి ఉన్నప్పుడే చూసి, అవసరమైతే వాల్వు పక్కన గుర్తు పెట్టుకోవాలి, ఎందుకంటే పొంగుతున్న వేళ తొందరలో తప్పు వైపు తిప్పడం చాలా సులభం.

వాల్వు కన్నా ముందు చూడవలసింది సంప్‌లో, అంటే తొట్టె కింద పరికరాలు ఉంచే రెండవ నీటి తొట్టెలో, నీటిమట్టం. సంప్ లోపల కూర్చునే స్కిమ్మర్లు ఒక నిర్దిష్టమైన నీటి లోతుకు తగినట్టు తయారవుతాయి. ఆ లోతు ఎంతో తయారీదారు ఇచ్చిన పత్రంలో ఉంటుంది. చుట్టూ నీరు రెండు సెంటీమీటర్లు పెరిగినా లోపలి గీత పెరిగి నురగ తడిగా పొర్లుతుంది, తగ్గితే నురగ మెడ ఎక్కదు. కాబట్టి నీరు ఆవిరవుతూ మట్టం మారిపోయే, సంప్‌లో రిటర్న్ పంపు (నీటిని తిరిగి తొట్టెలోకి ఎక్కించేది) ఉండే గదిలో స్కిమ్మర్‌ను ఉంచకూడదు; అడ్డుగోడ మీదుగా నీరు పొర్లి మట్టం ఎప్పుడూ ఒకేలా నిలిచే గదిలో ఉంచాలి. అటువంటి గది లేనివారు, లేదా ఉన్న గది మరీ లోతైనదైనవారు, స్కిమ్మర్ కింద ఉప్పునీటికి పాడవని గట్టి పీఠాన్ని అమర్చి ఎత్తు సరిచేసుకోవాలి. ఇది సరికాకుండా రోజూ వాల్వుతో కుస్తీ పట్టడం వృథా శ్రమ అని నా అభిప్రాయం.

విద్యుత్తు విషయంలో రాజీ పనికిరాదు. సంప్‌లో చెయ్యి పెట్టే ముందు అందులో మునిగి ఉన్న పంపులు, హీటరు అన్నిటినీ ప్లగ్ నుంచి తీసివేయాలి. ఉప్పునీరు విద్యుత్తును బాగా ప్రవహింపజేస్తుంది కాబట్టి అక్వేరియం సర్క్యూట్‌కు కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్ ఉండాలి. ప్రతి తీగా సాకెట్‌కు చేరే ముందు కొంత కిందికి వేలాడి మళ్లీ పైకి వెళ్లేలా ఉంచితే, తీగ వెంట జారిన చుక్క ప్లగ్‌లోకి పోకుండా ఆ వంపులోనే రాలిపోతుంది. స్కిమ్మర్ పొంగితే నీరు ఎటు పారుతుందో ముందే ఊహించి ఎక్స్‌టెన్షన్ బోర్డును అక్కడి నుంచి తప్పించాలి. చేతి మీద పుండ్లు, గీతలు ఉన్నవారు చేతి తొడుగులు వేసుకోవాలి, ఎందుకంటే అక్వేరియం నీటిలో ఉండే కొన్ని సూక్ష్మజీవులు తెగిన చర్మం ద్వారా లోపలికి చేరి మొండి పుండ్లను కలిగిస్తాయి. సబ్బు, లోషన్ అంటిన చేతులతో నీటిని తాకకూడదు. దానికి చేపల ఆరోగ్యం ఒక కారణమైతే, ఆ కాస్త లోషనే నురగను గంటల తరబడి అస్తవ్యస్తం చేయగలగడం రెండవ కారణం.

కొత్త స్కిమ్మర్‌ను మొదటిసారి నడిపేటప్పుడు వాల్వును పూర్తిగా తెరిచి, అంటే లోపలి మట్టాన్ని వీలైనంత కిందికి దించి, మొదలుపెట్టాలి. తయారీలో మిగిలిన నూనె జాడలు కొట్టుకుపోయి, లోపలి ప్లాస్టిక్ మీద సన్నని జీవపు పొర ఏర్పడేదాకా అది నిలకడగా పనిచేయదు. కొన్ని రోజుల నుంచి రెండు వారాల వరకు పట్టవచ్చు. ఈ వ్యవధిలో ఒకరోజు ఏమీ తీయకపోవడం, మరునాడు అకస్మాత్తుగా పొంగడం, తొట్టెలోకి సన్నని బుడగలు రావడం అన్నీ మామూలే. నిలకడ వచ్చిన తరువాత గేట్ వాల్వును ఒక్కసారికి పావు చుట్టుకు మించకుండా మూస్తూ, ప్రతి మార్పు తరువాత కనీసం కొన్ని గంటలు, వీలైతే ఒక పూర్తి రోజు ఆగి చూడాలి. గాలి గొట్టానికి కూడా సర్దుబాటు మర ఉంటే దానిని పూర్తిగా తెరిచి ఉంచి మరిచిపోవడం మంచిది. గాలినీ నీటినీ ఒకేసారి మార్చినవారికి ఏ మార్పు ఏ ఫలితాన్ని ఇచ్చిందో ఎప్పటికీ తెలియదు. పడుకునే ముందు, బయటికి వెళ్లే ముందు వాల్వును మార్చకూడదు. ఉదయం మార్చి, రోజంతా కంట పడేలా ఉంచుకోవాలి.

గీతను మెడకు దగ్గరగా పైకి ఉంచితే లేత రంగు ద్రవం ఎక్కువగా వస్తుంది, ఇది తడిగా తీయడం; కిందికి ఉంచితే ముదురు గోధుమ రంగులో చిక్కటి మడ్డి కొద్దిగా వస్తుంది, ఇది పొడిగా తీయడం. తడిగా తీయడంలో వ్యర్థం మొత్తంగా ఎక్కువ పోతుందన్న మాట నిజమే, కానీ దానితోపాటు ఉప్పునీరూ పోతుంది, ఆ ఉప్పును ఎవరో ఒకరు కొలిచి తిరిగి కలపాలి. రోజూ కప్పు చూసి, వారానికి రెండు మూడుసార్లు లవణీయత కొలిచే ఓపిక లేనివారు పొడిగా తీయడమే క్షేమం.

ఇక పొంగు గురించి. నిన్నటి వరకు నిలకడగా ఉన్న స్కిమ్మర్ ఈరోజు బుసబుసమని పొంగుతున్నదంటే గత ఇరవై నాలుగు గంటలలో తొట్టెలోకి ఏమి చేరిందో ఒక్కొక్కటిగా గుర్తుచేసుకోవాలి. పగడాలను రాతికి అంటించే ఎపాక్సీ ముద్ద, పూర్తిగా ఆరని సిలికోన్, చేపల ఒంటి జిగురును కాపాడుతుందని చెప్పే రకం డీక్లోరినేటర్ (నీటిలోని క్లోరిన్‌ను పోగొట్టే ద్రావణం), ఎర్రని నాచుకు వేసే మందులు, పగడాలను ముంచి తీసిన ద్రావణం తాలూకు జాడ, ఇంట్లో వాడే డిటర్జెంట్‌తో కడిగిన బకెట్ — వీటిలో ఏ ఒక్కటైనా చాలు. నీరు మార్చిన కొన్ని గంటల వరకు కూడా కొన్ని స్కిమ్మర్లు పొంగుతాయి. ఇటువంటప్పుడు వాల్వును పూర్తిగా తెరిచి మట్టం దించాలి, అప్పటికీ ఆగకపోతే కప్పు నిండి చెడునీరు తిరిగి సంప్‌లోకి పొర్లకముందే స్కిమ్మర్‌ను మాత్రం ఆపి, మిగిలిన పంపులను నడవనివ్వాలి. కారణం తీరాక, అంటే సాధారణంగా ఒకటి రెండు రోజులలో, అది తనంతట తాను పాత స్థితికి వస్తుంది, కాబట్టి వాల్వు పాత గుర్తు ఎక్కడుందో పోగొట్టుకోకూడదు.

దీనికి ఎదురుగా ఉండేది నురగ కూలిపోవడం. నూనె శాతం ఎక్కువున్న మేత వేసిన తరువాత మెడలోని నురగ నిమిషాలలో చదునైపోతుంది; తొట్టెలో చెయ్యి పెట్టినా ఇదే జరగవచ్చు. కొన్ని గంటలలో తిరిగి లేస్తుంది. ఈ విరామంలోనే చాలామంది స్కిమ్మర్ చెడిపోయిందనుకుని వాల్వు మూసేస్తారు, నూనె ప్రభావం పోగానే ఎత్తుగా నిలబడ్డ మట్టం మీద నురగ విరుచుకుపడి అర్ధరాత్రి నేలంతా తడుపుతుంది. మేత వేసిన పూట వాల్వు జోలికి పోవద్దు.

స్కిమ్మర్ ఇంటి గదిలోని గాలినే నిరంతరం పీల్చి నీటిలో కలుపుతుందన్న సంగతిని మరవడం మరొక ప్రమాదం. పురుగుల మందు పిచికారీ, దోమల పొగ, గోడల రంగు, వార్నిష్, ఘాటైన శుభ్రపరిచే ద్రవాల ఆవిరి, ఇవన్నీ ఆ గొట్టం గుండా తొట్టెలోకి చేరగలవు. రొయ్యల వంటి జీవులకు పురుగుల మందు అత్యల్ప మోతాదులో కూడా ప్రాణాంతకం. ఇంట్లో అటువంటి పని తలపెట్టినప్పుడు దానికి ముందే స్కిమ్మర్‌ను ఆపాలి, లేదా గాలి గొట్టాన్ని కిటికీ బయటికి తీసుకుపోవాలి. గొట్టం బయటికి ఉంటే మరో లాభమూ ఉంది: తలుపులు మూసిన గదిలో పేరుకున్న కార్బన్ డయాక్సైడ్ నీటి పీహెచ్‌ను తగ్గిస్తుంది, బయటి గాలి దానిని కొంత నిలబెడుతుంది. అయితే బయట పిచికారీ జరిగే చోటు వైపు గొట్టం పెడితే మొదటికే మోసం.

విద్యుత్తు పోయి వచ్చే సమయం ప్రత్యేకంగా ప్రమాదకరమైనది. రిటర్న్ పంపు ఆగగానే పై తొట్టెలోని కొంత నీరు సంప్‌లోకి దిగి అక్కడి మట్టం పెరుగుతుంది. విద్యుత్తు రాగానే రెండు పంపులూ కలిసి మొదలైతే, పెరిగిన మట్టంలో స్కిమ్మర్ కొద్ది నిమిషాలలోనే పొంగి, కప్పులో రోజుల తరబడి కూడిన మడ్డినంతా నీటితో కలిపి బయటికి తోసేస్తుంది. రిటర్న్ పంపు నడిచి మట్టం కుదుటపడిన పది పదిహేను నిమిషాల తరువాతే స్కిమ్మర్ మొదలయ్యేలా ఆలస్యపు టైమరును అమర్చుకోవాలి. నీరు మార్చేటప్పుడూ ఇదే వరుస పాటించాలి.

కప్పుకు గొట్టం తగిలించి పెద్ద డబ్బాలోకి వదిలేవారు కప్పును పదేపదే ఖాళీ చేసే బాధ తప్పుతుందని సంతోషిస్తారు, కానీ నష్టానికి హద్దు లేకుండా పోయేది ఇక్కడే. మొత్తం 300 లీటర్ల నీరు, వెయ్యికి 35 భాగాల లవణీయత ఉన్న వ్యవస్థ నుంచి 30 లీటర్ల ఉప్పునీరు డబ్బా దాటి పోయి, ఆ మేరకు మంచినీరు చేరితే లవణీయత 31.5కు పడిపోతుంది, 60 లీటర్లు పోతే 28కి. కాబట్టి డబ్బా నిండగానే స్కిమ్మర్ పంపును ఆపివేసే ఫ్లోట్ స్విచ్ తప్పనిసరి. డబ్బా మూతకు గాలి పోయే రంధ్రం లేకపోతే ద్రవం దిగక కప్పే పొర్లుతుంది. టాప్-ఆఫ్ నీటి డబ్బాను కూడా మరీ పెద్దదిగా పెట్టకుండా, ఒకవేళ మొత్తం ఒక్కసారిగా సంప్‌లో పడినా ముప్పు రానంత పరిమాణంలోనే నింపాలి. లవణీయత పడిపోయినట్టు గమనిస్తే ఒక్కపూటలో సరిచేయాలని ఆరాటపడక, ఆవిరైన నీటి స్థానంలో ఉప్పునీరు పోస్తూ రోజుకు వెయ్యికి ఒక భాగానికి మించకుండా పెంచాలి.

శుభ్రత లోపం సర్దుబాటు లోపంలా కనిపించడం తరచూ జరిగేదే. గాలి పంపులోకి చేరే చోట, చిన్న రంధ్రం అంచున, తెల్లని ఉప్పు గడ్డకట్టి దారిని సగం మూసేస్తుంది. చప్పుడు కొద్దిగా మారుతుంది, బుడగలు పలచబడతాయి, మనం వాల్వు మూస్తూ పోతాం. వారానికొకసారి ఆ గొట్టంలోకి కాస్త గోరువెచ్చని మంచినీటిని పీల్చనిస్తే ఉప్పు కరిగిపోతుంది. మెడ లోపల అంటుకునే జిడ్డును రెండు మూడు రోజులకొకసారి మెత్తని గుడ్డతో తుడవాలి, లేకపోతే నురగ దానికి తగిలి విరిగిపోతుంది. మూడు నుంచి ఆరు నెలలకొకసారి పంపును విప్పి, లోపల తిరిగే చక్రాన్ని (ఇంపెల్లర్‌ను) తెల్ల వెనిగరు, నీరు సమపాళ్లలో కలిపిన ద్రావణంలో కొన్ని గంటలు నానబెట్టి, సున్నపు పొర వదిలాక బాగా కడిగి తిరిగి బిగించాలి. సబ్బు వాడకూడదు. అంతా కడిగిన స్కిమ్మర్ ఒకటి రెండు రోజులు కొత్తదానిలాగే ప్రవర్తిస్తుంది కనుక ప్రయాణానికి ముందురోజు ఈ పని పెట్టుకోకూడదు.

మందు వేసే సమయంలో స్కిమ్మర్‌ను ఆపమని ఆ మందు సీసా మీద ఉంటే ఆపవచ్చు, కానీ దానితోపాటు నీటికి చేరే ఆక్సిజన్‌లో పెద్ద భాగం ఆగిపోతుందని గుర్తించి, వెంటనే బుడగలు వదిలే గాలి రాయి వేయాలి, పంపుల ధారను నీటి ఉపరితలం వైపు తిప్పాలి. బ్యాక్టీరియాను పెంచే కార్బన్ ద్రావణాలు వేసేవారి తొట్టెలలో ఈ జాగ్రత్త మరింత ముఖ్యం.

కొన్ని రోజులు ఇల్లు విడిచి వెళ్లవలసి వస్తే బయలుదేరడానికి మూడు రోజుల ముందే సర్దుబాట్లన్నీ ముగించి, చివరి మార్పుగా మట్టాన్ని మామూలు కన్నా కొంచెం కిందికి దించి, కప్పు ఖాళీ చేసి మెడ తుడవాలి. తొట్టె చూసుకునేవారికి ఏ రోజు మేతను ఆ రోజు పొట్లంగా కట్టి ఇవ్వాలి. వాల్వును ముట్టుకోవద్దని, పొంగినట్టు కనిపిస్తే స్కిమ్మర్ ప్లగ్ ఒక్కటే తీయమని చెప్పి, ఆ ప్లగ్ మీద పేరు రాసి చూపించాలి. చేపలు కిక్కిరిసి లేని తొట్టె, నీటి పైభాగం కదులుతూ ఉండి మేత తగ్గించినంతవరకు, స్కిమ్మర్ లేకుండా రెండు మూడు రోజులు గడపగలదు. నిలవ ఉన్న మేత పొట్లాలలో సగమే వేయమని కూడా అప్పుడు ఫోన్‌లో చెబితే సరిపోతుంది.