యుద్ధానికి పోయి తిరిగిరాని తాత పేరు కామన్వెల్త్ రికార్డులో ఉందా? దరఖాస్తు విధానం

"మా తాత ఇంగ్లీషోళ్ల యుద్ధానికి పోయిండు, మళ్ల రాలే" అనే ఇళ్లు నల్లగొండ, పాలమూరు ఊళ్లలో ఇంకా ఉన్నాయి. రెండు ప్రపంచ యుద్ధాల్లో బ్రిటిష్ సామ్రాజ్యం తరఫున పోయి చనిపోయిన అలాంటివాళ్ల పేర్లు నమోదు చేసి, సమాధులు, స్మారకాలు చూసుకునేది కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్. పేరు లేకపోయినా, తప్పుగా పడినా ఇంటివాళ్లు రాసుకోవచ్చు. ఫీజు లేదు.

మరణం 1914 ఆగస్టు 4 నుంచి 1921 ఆగస్టు 31 లోపు, లేదా 1939 సెప్టెంబరు 3 నుంచి 1947 డిసెంబరు 31 లోపు జరిగి ఉండాలి. సర్వీసులో ఉండగా జ్వరమొచ్చి పోయినా లెక్కే. డిశ్చార్జ్ అయ్యాక పోతే మాత్రం దానికి సర్వీసే కారణమని చూపాలి. నిజాం దళాలు కదా అని వదిలేయకండి. హైదరాబాద్ లాన్సర్లు (గుర్రపు దళం) 1914లోనే ఈజిప్టు పోయారు. 1941 డిసెంబరులో మలయా (ఇప్పటి మలేషియా)లోని కోట భారు విమానాశ్రయానికి కాపలా ఉన్నదీ హైదరాబాద్ పటాలమే.

ముందు కమిషన్ వెబ్‌సైట్‌లో వెతకండి. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. ఇంటిపేరు గడిలో ఇంటిపేరు కొడితే ఏమీ రాదు, ఎందుకంటే మన సిపాయిలకు ఎక్కువగా ఒక్క పేరే రాసుకున్నారు. తాత పేరు, ఉదాహరణకు 'నర్సింహులు' అని, ఆ గడిలోనే కొట్టండి. దొరకకపోతే స్పెల్లింగ్ మార్చి నాలుగైదు రకాలుగా చూడండి. తండ్రి పేరు, ఊరు సరిపోతే మీ తాతే.

స్మారకం గోడ ఫొటోలో పేరు లేదని ఆశ వదులుకోవద్దు. ఇరాక్‌లోని బస్రా స్మారకం మీద అధికారుల పేర్లు చెక్కి, మన మామూలు సిపాయిలను పేర్లు లేకుండా, ఎంతమందో సంఖ్య మాత్రం రాసి వదిలేశారు. చావులోనూ హోదా చూశారన్నమాట. ఇలాంటి వివక్ష జరిగిందని 2021లో కమిషనే నివేదిక ఇచ్చి ఒప్పుకుంది.

పేరు దొరకకపోతే, సైట్‌లోని ఫారం నింపి ఆధారాలు పంపాలి. అన్నిటికంటే పనికొచ్చేది సర్వీసు నంబరు. ట్రంకుపెట్టెలో మొదటి యుద్ధం నాటి పతకం ఉంటే దాని అంచు చూడండి, చుట్టూ సన్నటి అక్షరాల్లో నంబరు, పేరు, దళం ఉంటాయి. దయచేసి చింతపండుతో తోమకండి, అక్షరాలు అరిగిపోతాయి. నాయనమ్మకు వచ్చిన పింఛను కాగితం, చావు కబురు తెచ్చిన ఉత్తరం కూడా పనికొస్తాయి. ఏమీ లేకపోతే పటాలం రికార్డు ఆఫీసుకు రాయాలి. మద్రాస్ సాపర్స్ (సైన్యంలో ఇంజనీర్ల దళం) ఆఫీసు బెంగళూరులో ఉంది. ఎవరికి రాయాలో తెలియకపోతే సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి.

అసలు కాగితాలు పంపకండి, స్కాన్లు చాలు. జవాబుకు నెలలు పట్టొచ్చు. ఊరి పేరు పాత జిల్లాతో కలిపి రాయండి. ఇవాళ సూర్యాపేట జిల్లా అయినా అప్పటి కాగితాల్లో నల్లగొండే ఉంటుంది, వనపర్తి అయితే మహబూబ్‌నగర్.