ముసురు రోజుల్లో పాదరసం: కుంపటి లోపలికి తేకండి

పోయిన వారం మా లంకల వైపు ఒక ఇంట్లో తాత, కోడలు, ఇద్దరు పిల్లలు ఒకే రోజు ఆసుపత్రిలో చేరారు. పెద్దాయనకి మోకాళ్ల నొప్పులు. ఫోన్లో ఎవరో చెప్పింది చూసి పాదరసం, గంధకం తెప్పించుకుని, ఇంట్లోనే రససింధూరం అనే ఆయుర్వేద మందు చేసుకుందామని పెరట్లో కుంపటి పెట్టారు. చినుకులు మొదలయ్యేసరికి కుంపటి ఎత్తి వంటింట్లో పెట్టారు, జల్లు కొడుతోందని తలుపు కూడా వేశారు. మందు వికటించిందని ఊళ్లో అనుకుంటున్నారు కానీ ఆ మందు వాళ్లలో ఎవరూ నోట్లో వేసుకోనే లేదు.

పాదరసం విషమని అందరికీ తెలుసు, అది మళ్లీ చెప్పను. చాలామందికి తెలియనిది ఏమిటంటే మింగిన పాదరసం కన్నా పీల్చిన పాదరసం ఎక్కువ ప్రమాదం. థర్మామీటర్ పగిలి పిల్లాడు మింగేసిన చుక్క చాలావరకు అలాగే బయటికి వచ్చేస్తుంది. అదే ఆవిరైతే, పీల్చినదాంట్లో నూటికి 80 వంతుల దాకా ఊపిరితిత్తుల్లోంచి రక్తంలోకి పోతుంది. మరగడానికి 357 డిగ్రీలు కావాలి కానీ ఆవిరి లేవడానికి గదిలో ఉండే వేడి చాలు, కుంపటి మీద పెడితే ఇక చెప్పేదేముంది. రంగుండదు, వాసనుండదు. గంధకం ఘాటు తగ్గింది కదా, ఇక ఫర్వాలేదని మళ్లీ లోపలికి వెళ్లి పడుకుంటారు, అక్కడే చిక్కంతా.

నేను ఆయుర్వేదాన్ని తిట్టడానికి ఇది రాయడం లేదు. మాది వైద్యం చేసిన ఇల్లే, మందులు నూరే కల్వం ఇప్పటికీ అటక మీద ఉంది. పాదరసం, గంధకం కలిపి నూరితే కజ్జలి అవుతుంది. కాటుకలా నల్లగా మారి, చిటికెడు తీసి బొటనవేలికి చూపుడువేలికి మధ్య రాస్తే వేలి గీతల్లోకి దిగిపోవాలి. తడిపి ఎండలో పట్టి చూస్తే ఒక్క మెరుపు కూడా కనిపించకూడదు. మెరిసిందంటే పాదరసం ఇంకా విడిగా ఉన్నట్టే, మళ్లీ నూరాలి. రోజుల తరబడి పని అది. ఆ పైన గాజు కుప్పెకి, అంటే సీసాకి, ఏడు పొరలు మట్టిగుడ్డ చుట్టి, ఆరబెట్టి, ఇసుక కుండలో దింపి, ఇంటికి దూరంగా పాకలో మంట పెట్టేవాళ్లు. పాదరసానికి చేయాలని శాస్త్రం చెప్పిన పద్దెనిమిది సంస్కారాల్లో, అంటే ప్రక్రియల్లో, పాతనం అని ఒకటుంది. పైకి లేచిన ఆవిరిని మూసిన పాత్రలోనే చల్లార్చి మళ్లీ పట్టడమే ఆ సంస్కారం. అంటే ఆవిరిని వదలకూడదని వాళ్లకీ తెలుసు. ఆ పాకలోనూ క్షేమమని నేననను, కుప్పెలు పగిలిన సందర్భాలున్నాయి. సత్తు గిన్నె, గ్యాస్ స్టవ్ పెట్టి ఇదే పని చేస్తానంటే మాత్రం వినడానికే భయమేస్తుంది. పైగా పాదరసం తగిలితే సత్తు గిన్నె తినేసినట్టు పాడవుతుంది.

కుంపటి లోపలికి తేకండి. బయట కూడా పెట్టకండి అనే నా మాట, కానీ వినరని తెలుసు కాబట్టి ముందు ఇది చెబుతున్నా.

ఇక బంగారం చేస్తామనే వాళ్లు. రసవాదమనీ పరుసవేది అనీ పేరేదైనా చూపించేది ఒకటే. పాదరసంలో ఏదో ఆకు పసరు పోసి, కంసాలి బంగారం కరిగించే మూసలో కాలుస్తారు, అడుగున నిజమైన బంగారపు బొట్టు మిగులుతుంది. ఎందుకు మిగులుతుందంటే, ఆ పాదరసంలో ముందే బంగారం కరిగించి తెస్తారు, కాలిస్తే పాదరసం ఎగిరిపోయి బంగారం ఉండిపోతుంది. మీ కళ్ల ముందు జరిగింది నిజమే, మోసం సీసాలో ఉంది. డబ్బు పోతే పోయింది, ఆ ఎగిరిపోయిన పాదరసం ఎవరి ముక్కుల్లోకి వెళ్లిందో ఆలోచించండి. ఈ ప్రదర్శన ఎప్పుడూ తలుపులేసిన గదిలోనే పెడతారు, రహస్యం కదా మరి. పాత టీవీల్లో ఎర్ర పాదరసం ఉందని తిరిగే వాళ్లది ఇంకో తరహా మోసం, వాళ్ల గురించి రాయడం కూడా దండగ.

కొట్లో కొన్న మందుల సంగతికొస్తే, రససింధూరం, మకరధ్వజం, రసపర్పటి లాంటివి పాదరసంతో చేసినవే. అలాంటి వాటి మీద వైద్యుల పర్యవేక్షణలోనే వాడాలనే హెచ్చరిక ఇంగ్లీషులో, హిందీలో ఉండాలని చట్టం చెబుతోంది. 2008లో ఇంటర్నెట్లో కొన్న 193 ఆయుర్వేద మందుల్ని అమెరికాలో పరీక్షిస్తే దాదాపు అయిదింట ఒకదానిలో సీసమో పాదరసమో ఆర్సెనిక్కో బయటపడింది. లేబుల్ ఉన్న వాటి సంగతే అది. బోదకాలుకీ ఉబ్బసానికీ అంటూ సంతలో కాగితం పొట్లంలో ఇచ్చే పొడి గురించి వేరే చెప్పాలా? వాడుతూ ఉండగా చిగుళ్లు వాచినా, నోట్లో ఇనుప రుచి వచ్చినా, చేతులు వణికినా, మూత్రం నురగగా వచ్చి కాళ్లు వాచినా ఆపేసి డాక్టర్ దగ్గరికి వెళ్లండి, ఆ పొట్లం కూడా పట్టుకెళ్లండి. ముందు దెబ్బ తినేవి కిడ్నీలు.

మిగతావి వరసగా చెప్పేస్తా.

ఇంట్లో పాదరసం ఒలికితే ముందు పిల్లల్ని, గర్భిణుల్ని బయటికి పంపండి. కిటికీలు తెరవండి. ఫ్యాన్ ఆపండి. చేతి ఉంగరాలు, గాజులు తీసేయండి. చీపురు ముట్టుకోవద్దు, ఒక్క చుక్క వంద చుక్కలవుతుంది. వాక్యూమ్ క్లీనర్ అసలే వద్దు. లైటు ఆర్పి టార్చి నేలకి ఆనించి వేస్తే చుక్కలు మెరుస్తాయి, అట్టముక్కతో ఒకచోటికి నెట్టి మూత ఉన్న సీసాలోకి ఎత్తండి, చిన్నవాటికి టేపు అంటించి తీయండి. పాదరసం పడిన చాప, బట్టలు వాషింగ్ మెషీన్‌లో వేయొద్దు. కాల్చొద్దు. చెత్త కుప్పలో వేసి నిప్పు పెట్టడమూ కుంపటి లోపలికి తేవడం లాంటిదే.

సీసాలో మిగిలింది కాలవలో పారబోయకండి, చేపల చెరువు పక్కన అసలే వద్దు. నీటి అడుగు బురదలో అది ఇంకా చెడ్డ రూపానికి మారి చేపల్లోకి ఎక్కుతుంది.

పాదరసం తగిలి బంగారు ఉంగరం తెల్లబడిందా? కంసాలి దగ్గరికి తీసుకెళ్తే కాల్చి తెల్లదనం పోగొడతాడు. పాదరసం తగిలిందని ముందే చెప్పండి, కొట్లో కూర్చుని కాల్చనివ్వకండి.

కార్తీకానికి పాదరస లింగం కొన్నారా? పక్కన దీపం పెట్టకండి. అభిషేకం చేసిన పాలు తీర్థంగా తాగకండి. పిల్లలకి అస్సలు ఇవ్వకండి.

ఆవిరి పీల్చిన వాళ్లకి దగ్గు, జ్వరం, ఆయాసం కొన్ని గంటల తర్వాతే మొదలవుతాయి. ముసురు రోజులు కదా, వైరల్ జ్వరమనుకుని దగ్గు మందు పోసి పడుకోబెడతారు. పడుకోబెట్టకండి. పసరు తాగించకండి. వాంతి చేయించకండి. 108కి ఫోన్ చేయండి, ఆసుపత్రిలో మొదటి మాటగా "ఇంట్లో పాదరసం కాల్చాం, ఆవిరి పీల్చాం" అని చెప్పండి. సిగ్గుపడి దాస్తే డాక్టర్ నిమోనియా అనుకుంటాడు. ఇంట్లో ఉన్న అందర్నీ చూపించండి, దగ్గు లేని వాళ్లని కూడా.